ఫీజు కట్టేది ఒకరు, బడికొచ్చేది మరొకరు

మదనపల్లె,
జూన్ 3.

చిరంజీవి చిట్టికి,

అనంతపురంలో నువ్వు పనిచేసే బడిలో ప్రైమరీ విభాగానికి నిన్నే ఇన్‌చార్జిగా వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన బ్రోచరు కూడా చూశాను. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘పిల్లలే కేంద్రంగా సమగ్ర వికాసం’ అని ఉంది. లోపల రోబోటిక్స్ ల్యాబు, స్కేటింగు, యోగా, డ్యాన్సు, ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్. ‘ఇందులో ఎక్కడ మొదలుపెట్టాలి పెద్దమ్మా?’ అని అడిగావు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ముందు నీ కుర్చీ సంగతి చెబుతాను. ప్రైవేటు బడిలో ఫీజు కట్టేది తల్లిదండ్రులు. మాట చెల్లేది కరస్పాండెంటుకి. ఇద్దరికీ అడిగే నోరుంది. బడికొచ్చే పిల్లకి మాత్రం ఆ నోరు లేదు. నచ్చకపోతే బడి మారిపోయే హక్కూ లేదు. ఆ పిల్ల తరఫున మాట్లాడే మనిషి బడి లోపలే ఒకరుండాలి. నీకిచ్చిన ఉద్యోగం అదే అనుకో. బ్రోచరులో ఉన్నవన్నీ పెద్దవాళ్ళ కంటికి ఆనేవి. పిల్లకి నిజంగా పనికొచ్చేవి చాలావరకు ఎవరి కంటికీ ఆనవు. అలాంటి పనులు రోజూ చేయించడం, వాటివల్ల వచ్చిన ఎదుగుదలని తల్లిదండ్రులకి కళ్ళారా చూపించడం నీకు చేతనైతే మిగతావన్నీ మెల్లగా దారికొస్తాయి.

మొదటి వారం పాఠాల జోలికి పోవద్దు. వెళ్ళి బాత్రూములు చూడు. గడియలు పడుతున్నాయా, నీళ్ళొస్తున్నాయా, ఇంటర్వెల్లో లైను ఎంత పొడుగుంటోంది, పాఠం మధ్యలో వేలు చూపిస్తే టీచర్లు పంపుతున్నారా, కసురుతున్నారా, ఇవన్నీ కనుక్కో. బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళే తాగని ఆడపిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఇంటికి తిరిగెళ్ళే సీసాలో ఎన్ని నీళ్ళు మిగిలాయో చూస్తే తెలిసిపోతుంది. ఆ పిల్లకి మధ్యాహ్నం తలనొప్పి వస్తే ‘ఇంగ్లీషు పీరియడ్ రాగానే నాటకాలు’ అంటారు. ఏడున్నరకే వ్యాను ఎక్కే పిల్లాడు ఇంట్లో ఏం తిని ఉంటాడు? రెండో పీరియడ్‌కి వాడి కళ్ళు తేలేస్తుంటే, అది లెక్కల పీరియడ్ కాబట్టి ‘లెక్కల్లో వీక్’ అని పేరు పడుతుంది. చిరుతిండి విరామాన్ని అరగంట ముందుకి జరుపు, ఎంతమంది లెక్కలు బాగుపడతాయో నువ్వే చూస్తావు. బోర్డు మీదవి ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునేవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి చూడు. తప్పులు తగ్గాయంటే వాడికి కావాల్సింది ట్యూషన్ కాదు, కళ్ళ డాక్టరు. డ్యాన్సుకి ఒక పీరియడ్, యోగాకి ఒక పీరియడ్, విలువలకి ఒక పీరియడ్ అని మనం వాటాలు వేసుకుంటాం. పిల్ల మాత్రం ఆకలి, నిద్ర, భయం, ఇంట్లో రాత్రి జరిగిన గొడవ అన్నిటితో కలిపి ఒక్కటిగానే క్లాసులోకి వస్తుంది.

రెండో పని, ప్రతి క్లాసు టీచరుకీ ఒక నోటుబుక్కు ఇవ్వు. ఒక్కో పిల్లకి రెండు పేజీలు. రోజుకి ముగ్గురి గురించి ఒక్కొక్క వాక్యం రాయమను. ముప్పైమంది క్లాసైతే రెండు వారాల్లో అందరూ ఒకసారి వచ్చేస్తారు. ఏం రాయాలో నువ్వే నేర్పించాలి. ‘అల్లరి పిల్లాడు’ అని రాస్తే అది టీచరు అభిప్రాయం. ‘కథ చెబుతుంటే ముందుకి జరిగి వింటాడు, రాయమనగానే పెన్సిలు చెక్కుతూ కూర్చుంటాడు’ అని రాస్తే అది చూసిన విషయం. దాన్నిబట్టి ఏదైనా చెయ్యొచ్చు. రాత దగ్గర వాడికేదో ఇబ్బంది ఉందని తెలుస్తుంది, వేళ్ళు ఎలా పడుతున్నాడో చూడొచ్చు, కొన్నాళ్ళు నోటితో చెప్పించుకోవచ్చు. ఇలా చూడడం మరియా మాంటిస్సోరి దగ్గర నేర్చుకోవాలి. ఆవిడ డాక్టరు. 1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో పేదల పిల్లల కోసం మొదటి బడి పెట్టినప్పుడు ఆవిడ చేసిన పెద్ద పని, పిల్లలు తమంతట తాము ఏం చేస్తున్నారో ఓపిగ్గా చూడడం. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి వందలాది టీచర్లకి ఆ పద్ధతి నేర్పింది. ఆవిడ పేరు ఇవాళ సందుకో కాన్వెంటు బోర్డు మీద ఉంది. ఆ చూపు మాత్రం అరుదైపోయింది. ఆవిడ పద్ధతిలో వాడే చెక్క సామాను కొనడానికి డబ్బుంటే చాలు, చూడడానికి టీచరుకి తీరిక కావాలి. ఆ తీరిక సంగతి కింద చెబుతాను.

పిల్లలందరూ ఒకే అడుగుతో నడవరని మనకి తెలుసు. తెలిసీ అందర్నీ పాఠ్యపుస్తకం పేజీ నంబరుకి కట్టేస్తాం. మా ఊరి పక్కనున్న రిషీవ్యాలీ సంగతి నీకు తెలిసిందే కదా, జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన బడి. అది ఫీజులు కట్టి చదివే రెసిడెన్షియల్ స్కూలు. దానికి ఆనుకుని నడిచే గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం చేసిన పని నువ్వు తప్పకుండా చూడాలి. ఒకే టీచరు, ఒకే గది, రకరకాల వయసుల పిల్లలు. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన పటంలో వరస చూపించారు. పిల్ల తానెక్కడుందో ఆ పటంలో చూసుకుని, తన కార్డు తానే తీసుకుంటుంది. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్ళతో, కొన్ని ఒంటరిగా. జ్వరమొచ్చి నాలుగు రోజులు మానేసినా వచ్చాక ఆగినచోటునుంచే ఎత్తుకుంటుంది. చెన్నై కార్పొరేషన్ వాళ్ళు 2003లో ఈ పద్ధతిని తమ బడుల్లోకి తీసుకెళ్ళారు. కొన్నేళ్ళకే అది తమిళనాడు సర్కారు ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది. నిన్ను ఈ కార్డులన్నీ తయారుచేయించమనడం లేదు. రోజుకి అరగంట, రెండు నుంచి ఐదు తరగతుల దాకా అందరికీ ఒకే వేళకి చదివే పీరియడ్ పెట్టు. ఆ అరగంటా తరగతిని బట్టి కాకుండా చదవగలిగినదాన్ని బట్టి కూర్చోబెట్టు. నాలుగో తరగతి పిల్లాడు ఒత్తుల దగ్గర ఆగిపోయి ఉంటే వాడికి ఒత్తులే కావాలి, నాలుగో తరగతి పద్యం కాదు. గుంపులకి చెట్ల పేర్లో పిట్టల పేర్లో పెట్టి, నెలకోసారి మార్చు. ‘కింది గుంపు’ అనే మాట ఎవరి నోటా రాకూడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పిల్లలే కేంద్రం అనగానే కొందరు కుర్ర టీచర్లు, పిల్లలు ఏం చేస్తే అదే చదువు అనుకుంటారు. ఎక్కాలు సాధనతోనే వస్తాయి. గుణింతాలు దిద్దితేనే వస్తాయి. నేర్పాల్సింది నేర్పకుండా ‘తనంతట తనే తెలుసుకుంటుంది’ అని వదిలేస్తే, ఇంట్లో చెప్పే దిక్కున్న పిల్ల నెగ్గుకొస్తుంది, లేని పిల్ల మునిగిపోతుంది. గుజరాతు గిజుభాయి బధేకా రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది, దొరికితే చదువు. అందులో ఉత్సాహంగా నాలుగో తరగతిలోకి అడుగుపెట్టిన కొత్త మాస్టారు మొదటిరోజే మౌనం ఆట ఆడించబోతాడు. క్లాసు గోల గోల అయిపోతుంది. మర్నాడు కథ మొదలుపెడతాడు, అప్పుడు దారికొస్తారు. పుస్తకంలో చదివిన పద్ధతిని ఎదురుగా ఉన్న పిల్లల మీద రుద్దడం కూడా పిల్లల్ని పక్కకి నెట్టడమే.

భాష దగ్గర నీకు గట్టి పోరే ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కోసమే ఫీజు కడుతున్నామని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అంటారు. అనడంలో తప్పు లేదు. ఆ ఇంగ్లీషు రావాలంటేనే తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా, మెడలో పలక లాంటి పనులు ఆపాలి. ఆరేళ్ళ పిల్ల ‘బట్టలు ఎండలో ఆరేస్తే నీళ్ళు ఆవిరైపోతాయి మిస్’ అంటే ఆ పిల్లకి సైన్సు వచ్చేసినట్టే. అప్పుడు ‘ఎవాపొరేషన్’ అనే పేరు ఇస్తే పట్టుకుంటుంది. పేరు ముందు ఇచ్చి నోరు మూయిస్తే స్పెల్లింగు మాత్రం మిగులుతుంది. అందుకే చెప్పడం ఇంటి భాషలో, పేరు పెట్టడం ఇంగ్లీషులో, ఆ తర్వాత మళ్ళీ ఇంగ్లీషులో చెప్పించడం. ఇంకో సంగతి, అనంతపురంలో అందరి ఇంటి భాషా తెలుగే అనుకోకు. ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట్లాడే ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళకి మన తెలుగు కూడా బడి భాషే. ఏ పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతుందో ఆ నోటుబుక్కు మొదటి పేజీలోనే రాయించు.

టైంటేబులు నీ చేతిలోకి రాగానే ఆటల పీరియడ్‌కి కాపలా పెట్టు. ‘సిలబస్ అవ్వలేదు, పీఈటీ సారు పీరియడ్ నాకివ్వండి’ అని మొదటి యూనిట్ టెస్టుకి వారం ముందునుంచే వస్తారు. ఒక్కసారి ఒప్పుకున్నావంటే ఆ ఏడాదికి ఆటలు పోయినట్టే. ఆటంటే క్రికెట్ కోచింగు ఒక్కటే అని కూడా అనుకోకు. వామనగుంటల్లో చింతగింజలు పంచుకుంటూ పోయే రెండో తరగతి పిల్లలు కూడికలు, భాగహారాలు చేస్తూనే ఉంటారు. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లకి ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, గీత లోపల ఉండడం, తన వంతు కోసం ఆగడం ఒకేసారి అలవడతాయి. లైబ్రరీ బీరువాకి తాళం తీయించు. పుస్తకాలు చిరుగుతాయి, చిరగనీ. రోబోటిక్స్ ల్యాబు ఉండనీ, బ్రోచరులో ఉన్నదాన్ని నువ్వు తీయించలేవు. వారానికి ఒకసారి ఊరికే తిప్పి చూపించే బదులు నెలకి ఒకసారైనా పిల్లలు చేతుల్తో విప్పి, బిగించే ఏర్పాటు చెయ్యి. వార్షికోత్సవంలో ముందు వరసలో ఎప్పుడూ అదే ఎనిమిదిమంది కాకుండా చూడు.

పరీక్షల సంగతికొస్తే, శుక్రవారం శుక్రవారం స్లిప్ టెస్టు పెట్టి మార్కులు ఇంటికి పంపడం, మొలిచిందా లేదా అని విత్తనాన్ని వారం వారం తవ్వి చూడడమే. టెస్టు మానేయక్కర్లేదు. మార్కులు ఇంటికి పంపడం మాని, టీచరు దగ్గర ఉంచు. క్లాసులో సగంమంది ఒకే లెక్క తప్పారంటే ఆ లెక్క మళ్ళీ చెప్పాలని అర్థం. మార్కుల్ని బట్టి ‘ఏ’ సెక్షను, ‘సీ’ సెక్షను విడగొట్టి ఉంటే వీలు చూసుకుని కలిపేయించు. ఏడేళ్ళకే తాను సీ అని తెలుసుకున్న పిల్ల దాన్నుంచి బయటపడడానికి చాలా ఏళ్ళు పడుతుంది. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన సమగ్ర ప్రోగ్రెస్ కార్డులో టీచరుతో పాటు పిల్ల తన గురించి తానూ, తోటివాళ్ళూ చెప్పే మాటకి చోటుంది. కార్డు అచ్చు మార్చడం సులువే. ‘గుడ్, కెన్ డూ బెటర్’ రాయడం మాన్పించడమే కష్టం. జూన్లో ఏం చేసేది, ఇప్పుడేం చేస్తోంది, ఇక మీద ఏం చేయిస్తాం, ఈ మూడు వాక్యాలు ఉంటే చాలు. హోంవర్కుకి కూడా అండ ఉంది. 2020లో కేంద్రం ఇచ్చిన బడిసంచుల విధానం రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. మూడు నుంచి ఐదుకి వారం మొత్తం మీద రెండు గంటలే అంది. సంచి బరువు పిల్ల బరువులో పదోవంతు దాటకూడదంది. కాటా ఒకటి తెచ్చి గేటు దగ్గర పెట్టు, నువ్వు నోరెత్తక్కర్లేదు.

చట్టం కూడా నీకు తోడుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను చదువు భయం లేకుండా, పిల్లలకి అనుకూలంగా, చేసి చూసి తెలుసుకునేలా ఉండాలంటుంది. వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలనీ అంటుంది. 17వ సెక్షను కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునీ నిషేధిస్తుంది. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లకి టెస్టు, తల్లిదండ్రులకి ఇంటర్వ్యూ పెడితే 13వ సెక్షను కింద మొదటిసారికి 25 వేలు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా ఉంది. ఇదే చట్టం ప్రకారం 25 శాతం ఉచిత సీట్ల కింద చేరిన పిల్లల్ని స్టాఫ్ రూములో ‘ఫ్రీ సీటు వాళ్ళు’ అననివ్వకు. ఫీజు బాకీ ఉందని పిల్లని పరీక్ష రోజు బయట నిలబెట్టే పని నీ విభాగంలో జరగకూడదు. బాకీ పెద్దవాళ్ళది, వాళ్ళకే ఫోన్ చెయ్యమని ఆఫీసుకి ముందే చెప్పి పెట్టు. అయితే చట్టం పుస్తకం పట్టుకుని కరస్పాండెంటు గదిలోకి వెళ్ళొద్దు. ఆయనకి బిల్డింగు అద్దె, బస్సుల వాయిదాలు, పక్క వీధిలో వెలిసిన కొత్త బడి భయం ఉంటాయి. ఎంతమంది పిల్లలు టీసీ తీసుకెళ్ళారు, ఎందుకు తీసుకెళ్ళారు అన్న లెక్కతో వెళ్ళు, ఆ భాష ఆయనకి అర్థమవుతుంది.

ఇక టీచర్లు. రోజుకి ఎనిమిది పీరియడ్లలో ఎనిమిదీ నిలబడి చెప్పే మనిషిని పిల్లల్ని ప్రేమగా చూడమంటే ఎలా చూస్తుంది? పైగా ఎవరు సెలవు పెట్టినా సబ్‌స్టిట్యూషన్ ఆమె నెత్తినే. విద్యాహక్కు చట్టం షెడ్యూలు టీచరుకి వారానికి 45 పని గంటలంటూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులోనే లెక్కగట్టింది. నువ్వు యాజమాన్యంతో పోట్లాడితే ముందు దీనికోసమే పోట్లాడు. ప్రతి టీచరుకీ రోజుకి ఒక ఖాళీ పీరియడ్, అందులో అడ్మిషన్ల కోసం ఇళ్ళ చుట్టూ తిప్పడం ఉండకూడదు. నోటుబుక్కు రాసే తీరిక అక్కణ్ణుంచే వస్తుంది. పిల్లల ఎదుట టీచర్ని ఎప్పుడూ మందలించకు. నీ గదిలో తిట్లు తిన్న మనిషి క్లాసులోకెళ్ళి ఎవరి మీద చూపిస్తుందో నీకు తెలుసు.

పేరెంట్స్ మీటింగు హాల్లో మైకు పెట్టి జరపొద్దు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు ఇప్పించు. టీచరు ముందు ఆ నోటుబుక్కు, పిల్ల జూన్లో రాసిన కాగితం, ఇప్పుడు రాసిన కాగితం ఉండాలి. ఎవరో ఒక తండ్రి తప్పకుండా అంటాడు, ‘పక్క స్కూల్లో సెకండ్ క్లాసుకే ట్వంటీ టేబుల్ అప్పజెబుతున్నారండీ’ అని. వాదనకి దిగకు. వాళ్ళమ్మాయినే పిలిచి, ‘ఇరవై లడ్లు నలుగురికి పంచితే తలా ఎన్ని?’ అని అడుగు. ఆ పిల్ల బొమ్మ వేసో, గింజలు పేర్చో, నోటితోనో ఎలా చేసిందో ఆయన చూస్తాడు. చెయ్యలేకపోతే అదీ చూస్తాడు, దసరా తర్వాత మళ్ళీ రమ్మను. ఇంటికి పని కావాలని అడిగే అమ్మలకి, రాత్రి పిల్ల నాయనమ్మకి ఒక పేజీ పైకి చదివి వినిపించే పని చెప్పు.

ఇవన్నీ ఒకేసారి ఎత్తుకుంటే ఏదీ సాగదు. ఈ ఏడాదికి మూడు చాలు: బాత్రూములు, నోటుబుక్కు, అరగంట చదివే పీరియడ్. కరస్పాండెంటు దగ్గర టీచర్ల ఖాళీ పీరియడ్ ఒక్కటే అడుగు, అది లేకపోతే నోటుబుక్కు ఆగస్టుకే మూలపడుతుంది. ఆగస్టు ఆఖర్లో ఆ నోటుబుక్కులన్నీ ముందేసుకుని కూర్చో. బాగా చదివేవాళ్ళ పేజీలు, బాగా అల్లరి చేసేవాళ్ళ పేజీలు నిండిపోయి ఉంటాయి. ఒకే వాక్యం రెండుసార్లు రాసి ఉన్న పేజీలు, అసలేమీ రాయని పేజీలు కొన్ని ఉంటాయి. అవి ఎవరివో జాబితా రాసుకుని, మర్నాటినుంచి ఆ పిల్లల దగ్గర నువ్వే వెళ్ళి కూర్చో. ఏం కనపడిందో నాకు రాయి.

మీ అత్తగారికీ అల్లుడుగారికీ నమస్కారాలు చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ